పరుగుచక్రం సమీక్ష: తల్లి చిట్టెలుక పరుగు పిల్లలకు అబ్బుతుందో లేదో ఇది తేల్చగలదా?

ఇది చిట్టెలుకల పంజరంలో అమర్చే ఒక పరుగుచక్రం గురించిన సమీక్ష. పరిశోధనశాలల కోసం అమ్మే ఈ సామగ్రిలో ఏటవాలుగా వంచిన పళ్లెంలాంటి ప్లాస్టిక్ చక్రం, దాని అడుగున బ్యాటరీతో పనిచేసే సెన్సర్, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో తీగల అవసరం లేకుండా అందుకునే రిసీవర్, ఆ లెక్కను నిమిషాల వారీగా కంప్యూటర్లో చూపే సాఫ్ట్‌వేర్ ఉంటాయి. హైదరాబాదులో నేను పనిచేసే యానిమల్ హౌస్‌లో ఇలాంటి చక్రాలు 16 తెప్పించి ఏడాదిన్నరగా వాడుతున్నాము. తయారీ సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలలో చాలావరకు ఈ తరహా చక్రాలన్నిటినీ పరీక్షించి చూసుకోవలసినవే కాబట్టి పేరు కంటే పరీక్షించే పద్ధతి తెలియడమే కొనేవారికి ఉపయోగం.

మా ప్రశ్న ఇది: చూలుకు ముందు, చూలుతో ఉన్నప్పుడు తల్లి చిట్టెలుక ఇష్టపూర్వకంగా పరిగెత్తితే, దాని పిల్లలు పెద్దయ్యాక తమంతట తాము ఎక్కువగా పరిగెడతాయా? ఈ ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు చక్రం రెండు పనులు చేయాలి. తల్లి దగ్గర అది మందులాంటిది. ఎంత మోతాదు అందిందో మనకు తెలియాలి. పిల్లల దగ్గర అదే త్రాసు అవుతుంది. ఒకే వస్తువు మందుగానూ త్రాసుగానూ ఉన్నప్పుడు దానిలోని చిన్న దోషం కూడా ప్రయోగానికి రెండు చివరలా తగులుతుంది. అందుకే ఈ చక్రాన్ని మామూలు పంజరం సామాను కొలతతో కాకుండా, ప్రయోగశాలలో తూకపు యంత్రాన్ని పరీక్షించే పట్టుదలతో చూశాను.

ఈ విషయంలో ఇప్పటికే రెండు పరస్పర విరుద్ధమైన జవాబులు ఉన్నాయన్న సంగతి ఆ పట్టుదలను మరింత పెంచింది. అమెరికాలో హ్యూస్టన్ నగరంలోని బేలర్ వైద్య కళాశాలకు చెందిన రాబర్ట్ వాటర్‌ల్యాండ్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో సి57బిఎల్/6జె జాతి ఆడ చిట్టెలుకలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు స్వేచ్ఛగా తిరిగే చక్రాన్ని, రెండో గుంపుకు కదలకుండా బిగించిన చక్రాన్ని ఇచ్చారు. పరిగెత్తిన తల్లుల పిల్లలు పుట్టినప్పుడు కాస్త ఎక్కువ బరువున్నా తరువాతి వయసులో బరువులో తేడా కనిపించలేదు. చురుకుదనంలో మాత్రం పెద్దయ్యాక అవే ముందున్నాయి, ఆడపిల్లల్లో ఆ తేడా ఇంకా ముందే, ఈడు వచ్చే వేళకే బయటపడింది. 300 రోజుల వయసులో మూడు వారాల పాటు చక్రం ఇచ్చి చూస్తే ఆ ఆడవి కొవ్వును కూడా ఎక్కువగా కరిగించుకున్నాయి. దీనికి ఒక్క ఏడాది ముందు, 2015లో, స్కాట్ కెల్లీ, డేనియల్ పాంప్ తదితరులు ప్రచురించిన పరిశోధన ఇందుకు భిన్నమైన జవాబు చెప్పింది. తల్లులు చూలుకు ముందూ, చూలుతోనూ కలిపి సుమారు ఆరు వారాలు పరిగెత్తినా, తొమ్మిది వారాల వయసుకు వచ్చిన పిల్లల పరుగులో గానీ, శరీరంలోని కొవ్వు, కండల పాళ్లలో గానీ చెప్పుకోదగిన మార్పు వారికి కనిపించలేదు. తల్లికీ పిల్లకీ మధ్య అక్కడక్కడ కనిపించిన పోలిక వారసత్వంగా వచ్చే గుణం వల్ల కావచ్చునని వారు భావించారు.

ఈ రెండింటిలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని నేను అనుకోవడం లేదు. పిల్లలను పరీక్షించిన వయసు వేరు, పరీక్షించిన తీరు వేరు. అయితే చక్రం తిరిగే తేలికదనం, బిగింపు, లెక్క అనే మూడు విషయాల్లో జరిగే పొరపాటు లేని తేడాను చూపించగలదు, ఉన్న తేడాను కప్పివేయగలదు. మా చక్రం ఈ మూడింటిలో ఎలా నిలిచిందో చెబుతాను.

ముందుగా మెచ్చుకోవలసిన విషయాలు. చక్రం ఉపరితలం పూర్తిగా మూసి ఉంది, కాళ్లు దూరే కమ్మీలు లేవు. పాత తరహా నిలువు తీగ చక్రాలలో తోక గానీ, పాదం గానీ ఇరుక్కుని గాయపడటం నేను చూశాను. ఈ ఏడాదిన్నరలో మా జంతువులకు అలాంటి గాయం ఒక్కటి కూడా కాలేదు. ఎత్తు తక్కువ కావడంతో మామూలు పంజరంలోనే, మూతను మార్చకుండా పడుతుంది. కొత్తగా ఉన్నప్పుడు దాదాపు చప్పుడే లేదు. చూలుతో ఉన్న చిట్టెలుకలున్న గదిలో రాత్రంతా కిర్రుమనే చక్రం ఉంటే పక్క పంజరంలోని పోలిక గుంపు (పోల్చి చూడటానికి పరుగు లేకుండా ఉంచిన గుంపు) తల్లికి కూడా ఆ అలజడి తగులుతుంది కనుక నిశ్శబ్దాన్ని నేను చిన్న సుగుణంగా చూడటం లేదు.

చుట్ల లెక్క కూడా మొత్తం మీద నమ్మదగినదే. పరారుణ కెమెరాతో తీసిన దృశ్యాలను నెమ్మదిగా నడిపిస్తూ చేత్తో లెక్కపెట్టి, సెన్సర్ చెప్పిన లెక్కతో పోల్చాము. నిలకడగా పరిగెత్తేటప్పుడు రెండూ సరిపోయాయి. చిట్టెలుక చక్రం అంచున కూర్చుని అటూ ఇటూ ఊగేటప్పుడు మాత్రం చక్రానికి ఉన్న అయస్కాంతం సెన్సర్ మీదుగా వెనక్కీ ముందుకూ కదిలి, పూర్తి చుట్టు తిరగకుండానే లెక్క పెరిగింది. అది దిగిపోయిన తరువాత ఖాళీ చక్రం కాసేపు తిరిగే చుట్లు కూడా పరుగు ఖాతాలోనే పడతాయి. ఇవి చిన్న మొత్తాలే అయినా, తక్కువగా పరిగెత్తే జంతువు విషయంలో వాటి వాటా పెద్దదవుతుంది.

చుట్లను దూరంగా మార్చే చోట అసలు చిక్కు ఉంది. మా చక్రం వ్యాసం 15 సెంటీమీటర్లు, అంటే చుట్టుకొలత సుమారు 47 సెంటీమీటర్లు. సాఫ్ట్‌వేర్ చుట్ల సంఖ్యను ఈ 47తో హెచ్చవేసి కిలోమీటర్లు చూపిస్తుంది. కెమెరాలో చూస్తే చిట్టెలుకలు అంచున కాకుండా కొంత లోపలగా, దాదాపు 12 సెంటీమీటర్ల వ్యాసం గల వలయం మీద పరిగెడుతున్నాయి. ఆ దారి పొడవు 38 సెంటీమీటర్లకు మించదు. తెర మీద 10 కిలోమీటర్లు అని కనిపించిన రాత్రి నిజంగా నడిచినది 8 కిలోమీటర్లే అన్నమాట. రెండు గుంపులకూ ఒకే లెక్క వర్తిస్తుంది కదా, పోలికకు నష్టమేమిటి అని మా బృందంలోనే ఒకరు అడిగారు. తల్లి బరువెక్కే కొద్దీ, పిల్ల ఎదిగే కొద్దీ పళ్లెం మీద పరిగెత్తే చోటు మారవచ్చు. అప్పుడు వయసుతో వచ్చిన మార్పునూ, దారి మారడంతో వచ్చిన మార్పునూ విడదీయలేము. అందుకే మేము కిలోమీటర్లను పక్కనపెట్టి చుట్లు, పరిగెత్తిన నిమిషాలు మాత్రమే నమోదు చేస్తున్నాము.

ఇతరుల ఫలితాలతో పోల్చుకునేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో 1993లో థియొడోర్ గార్లండ్ మొదలుపెట్టిన వరణ ప్రయోగంలో, ఎక్కువగా పరిగెత్తే చిట్టెలుకలను తరతరానికీ ఎంపిక చేసి జతకట్టించి, పోలిక వంశాల కంటే రోజుకు రెండున్నర నుంచి మూడు రెట్ల దాకా ఎక్కువ చుట్లు తిరిగే వంశాలను పెంచారు. అక్కడ వాడిన నిలువు చక్రం చుట్టుకొలత 1.12 మీటర్లు, అంటే వ్యాసం 35 సెంటీమీటర్ల పైమాటే. ఆ చక్రం మీద వెయ్యి చుట్లకూ, మా పళ్లెం మీద వెయ్యి చుట్లకూ శరీర శ్రమలో పోలికే లేదు. అయినా వారి పద్ధతిలోని ఒక అంశాన్ని మేము అలాగే తీసుకున్నాము: చక్రం ఇచ్చిన ఆరు రోజుల్లో చివరి రెండు రోజుల సగటునే లెక్కలోకి తీసుకోవడం. కొత్త వస్తువు చూసిన మొదటి రాత్రుల కుతూహలాన్ని పరుగు మీది ఇష్టంగా పొరబడకుండా ఇది కాపాడుతుంది.

ఇక బిగింపు సంగతి. ఈ సామగ్రిలో నాకు అన్నిటికంటే ఎక్కువ అసంతృప్తి కలిగించినది ఇదే. పోలిక గుంపు తల్లి పంజరంలో చక్రం ఉండాలి, తిరగకూడదు. చక్రమే లేని పంజరంతో పోలిస్తే, ఎక్కడానికి ఒక వస్తువు, దాక్కోవడానికి దాని కింద ఒక చోటు ఉండటం వల్ల వచ్చే మార్పు కూడా పరుగు ఖాతాలో పడిపోతుంది. హ్యూస్టన్ బృందం బిగించిన చక్రాన్ని ఎంచుకోవడంలోని వివేకం ఇదే. మా చక్రంతో వచ్చిన బిగింపు పిన్ను మెత్తటి ప్లాస్టిక్‌ది, ఇరుసు పక్కన ఉన్న సందులో దూర్చేది. చిట్టెలుకలు దాన్ని కొరికాయి. బిగించిన చక్రాల మీద సెన్సర్ అవసరం లేదని మొదట వాటిని ఆపి ఉంచాము; ఒక తెల్లవారుజామున పోలిక గుంపులోని ఒక పళ్లెం తిరుగుతుండగా కళ్లారా చూసిన తరువాత అన్నిటి మీదా సెన్సర్లు వేయించాము. అలా చేస్తే, చూలుతో ఉన్న మరో పోలిక తల్లి నాలుగు రాత్రుల పాటు హాయిగా పరిగెత్తినట్టు బయటపడింది. ఆ తల్లినీ, దాని ఈతనూ (ఆ కాన్పు పిల్లలన్నిటినీ) ప్రయోగం నుంచి తప్పించవలసి వచ్చింది. సెన్సర్లు ఆపి ఉంచిన ఆ తొలి వారాల్లో ఇంకెన్ని తిరిగాయో చెప్పే ఆధారం లేదు కాబట్టి ఆ విడత మొత్తాన్ని పక్కన పెట్టాము. ప్రాణాలతో చేసే ప్రయోగంలో ఒక విడత వృథా కావడం నాకు చాలా బాధ కలిగించింది. ఆ తరువాత పళ్లేనికీ ఆధారానికీ కలిపి రంధ్రం వేసి, స్టెయిన్‌లెస్ స్టీలు మరతో బిగిస్తున్నాము. ఈ ధరకు అమ్మే పరికరంతో ఆ మర ముందే రావలసింది.

చక్రం సవ్యంగా పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి ఆడ చిట్టెలుకే మంచి పరీక్ష. దానికి నాలుగైదు రోజులకు ఒకసారి ఎద వస్తుంది, ఎదకు వచ్చిన రాత్రి పరుగు పెరుగుతుంది. నమోదైన రేఖ మీద నాలుగైదు రోజులకొక శిఖరం కనిపించకపోతే, జంతువును అనుమానించే ముందు చక్రాన్ని చూడాలి. చూలు కట్టిన తరువాత ఆ శిఖరాలు మాయమై, పరుగు క్రమంగా తగ్గుతూ, చివరి వారానికి చాలా కొద్దిదవుతుంది. 19, 20 రోజుల చూలులో ఈ తగ్గుదల స్పష్టంగా, మెట్లు మెట్లుగా కనిపించడం మా చక్రం ఇచ్చిన గొప్ప తృప్తి. మోతాదు అంటే రోజుకు ఇన్ని కిలోమీటర్లు అని ఒక్క సగటు రాసి వదిలేయడం ఎంత తప్పో ఆ రేఖ చూస్తే అర్థమవుతుంది: పిండం ఏర్పడే తొలి రోజుల్లో అందినదీ, ఈనే ముందు అందినదీ ఒకే మోతాదు కాదు.

చివరి రోజుల్లో పళ్లెం ఆకారం ఒక ఇబ్బంది తెచ్చింది. బరువెక్కిన తల్లులు పత్తి పోగులను పళ్లెంలోకి లాక్కుపోయి అక్కడే గూడు కట్టుకోవడం మొదలుపెట్టాయి. బిగించిన చక్రం కదలదు కాబట్టి పోలిక గుంపులో ఇది మరీ ఎక్కువ. గూడు ఉన్న చోటు రెండు గుంపుల్లో వేరైతే పుట్టిన పిల్లలకు అందే వెచ్చదనం, తల్లి సంరక్షణ కూడా వేరవుతాయి. అప్పుడు కడుపులో ఉన్నప్పటి ప్రభావం ఏదో, పుట్టాక వచ్చిన ప్రభావం ఏదో చెప్పలేము. ఈనడానికి ముందే రెండు గుంపుల నుంచీ ఒకే రోజు, ఒకే వేళకు చక్రాలు తీసివేస్తున్నాము. ఆధారం ఒక్క ముక్కగా ఉండటం వల్ల తల్లిని ఎక్కువ కదపకుండానే తీయడం వీలవుతోంది, అందుకు ఈ నిర్మాణాన్ని అభినందించాలి. పంజరంలో చక్రాన్ని ఉంచేస్తే మరో చిక్కు ఉంది: పిల్లలు 12 నుంచి 14 రోజులకు కళ్లు తెరుస్తాయి, ఆ తరువాత కొద్ది రోజులకే గూడు వదిలి తిరుగుతాయి. 21వ రోజున తల్లి నుంచి వేరుచేసే లోపు అవి తిరిగే చక్రం ఎక్కితే, మనం కొలవబోయే ఇష్టం తల్లి కడుపులో అబ్బిందో, తల్లితో ఆడి నేర్చుకున్నదో తేలదు.

పిల్లలను పెద్దయ్యాక పరీక్షించే నాటికి చక్రం కూడా పాతబడుతుందన్నది కొనేటప్పుడు నాకు తట్టని సంగతి. తల్లి పరిగెత్తిన నాటికీ, పిల్ల 300 రోజుల వయసుకు చేరే నాటికీ మధ్య పది నెలలకు పైనే గడుస్తుంది. ఈలోగా మూత్రం, పంజరంలో పరిచే మొక్కజొన్న కండెల నూక, వారం వారం వేడినీటి కడుగుడు బేరింగ్‌లోకి చేరతాయి. తిరిగే తేలికదనాన్ని కొలవడానికి మేము ఒక సులువైన పద్ధతి పెట్టుకున్నాము. పళ్లెం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అంచుకు 10 గ్రాముల బరువు అంటించి, పై కొసన నిలిపి వదిలితే అది గోడ గడియారపు లోలకంలా ఊగి ఊగి ఆగుతుంది. ఎన్ని ఊపులకు ఆగిందో లెక్కిస్తే చాలు. కొత్తలో 20కి పైగా ఊగిన చక్రాలలో కొన్ని ఏడాది తిరిగేసరికి ఎనిమిది, తొమ్మిదికే ఆగిపోయాయి. మరికొన్ని దాదాపు కొత్తవాటిలాగే ఉన్నాయి. అన్నీ సమానంగా అరిగితే సర్దుకోవచ్చు, ఈ అసమానతే ప్రమాదకరం. బరువుగా తిరిగే చక్రాలు పొరపాటున ఒకే గుంపు పిల్లలకు పడితే, తల్లి పరుగు వల్ల పిల్లల పరుగు తగ్గిందనో పెరిగిందనో మనం రాసేస్తాము.

అందుకని ప్రతి చక్రానికీ చెరగని సంఖ్య వేసి, రెండు గుంపుల పిల్లలూ అన్ని చక్రాల మీదా సమంగా వచ్చేలా వంతులు వేశాము. ఒకే ఈతలో పుట్టిన పిల్లలన్నిటికీ ఒకే తల్లి, ఒకే కడుపు కాబట్టి గణాంకాల్లో పిల్లను కాక ఈతను ఒక యూనిట్‌గా తీసుకుంటున్నాము. అలా చూస్తే 16 చక్రాలు చాలా తక్కువ. కొనాలనుకునేవారు పంజరాల సంఖ్యను కాకుండా ఈతల సంఖ్యను బట్టి లెక్క వేసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ విషయం క్లుప్తంగా చెబుతాను. నిమిషాల వారీ చుట్ల లెక్కను మామూలు పట్టిక రూపంలో తీసుకోవచ్చు, అది చాలు. కాలమానం ఎంపికలో అరగంట తేడా గలవి లేకపోవడంతో మన దేశపు సమయం సరిగా నమోదు కాదు. చీకటి పడే వేళను విడిగా రాసుకుని తరువాత సవరిస్తున్నాము. ఇనుప అరల వెనక వరుసలో ఉన్న పంజరాల నుంచి సంకేతాలు అప్పుడప్పుడు తెగిపోయేవి, రిసీవర్‌ను గది మధ్యకు మార్చాక అది తగ్గింది. బ్యాటరీ అయిపోయే ముందు హెచ్చరిక వస్తుంది, కానీ చుట్ల లెక్క సున్నా అయినప్పుడు జంతువు పరిగెత్తలేదా, సెన్సర్ ఆగిందా అన్న తేడాను పట్టిక చూపదు. తల్లి పరుగు సహజంగానే సున్నాకు దగ్గరయ్యే చూలు చివరి రోజుల్లో ఇది పెద్ద లోటు. బేరింగ్‌ల కోసం మేము రాసిన ఉత్తరాలకు విక్రేత నుంచి జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది.

పంజరంలో బందీగా ఉండటం వల్లనే చిట్టెలుకలు చక్రం తిప్పుతాయని, అది ఒక రకమైన పిచ్చి పని అని కొందరు అంటారు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు 2009 నుంచి ఆరుబయట, ఒక పట్టణపు పచ్చటి చోటులోనూ ఇసుక దిబ్బల్లోనూ చక్రాలు పెట్టి కెమెరాలతో చూస్తే, అడవి చిట్టెలుకలు వాటంతట అవి వచ్చి ఎక్కాయి; ఆహారం పెట్టడం మానేసిన తరువాత కూడా వచ్చి పరిగెత్తాయి. 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. చక్రం ఇవ్వడాన్ని నేను జంతువుకు హాని అనుకోకపోవడానికి అది ఒక కారణం. అలవాటు పడిన చక్రాన్ని ఈనే ముందు హఠాత్తుగా లాగేసుకోవడం గురించి మాత్రం నాకు ఇంకా బెంగగానే ఉంది. మా సంస్థలోని జంతు ప్రయోగాల నైతిక కమిటీకి ఇచ్చిన దరఖాస్తులో దాన్ని స్పష్టంగా రాసి, తీసివేసిన తరువాత తల్లుల తిండి, బరువు, గూడు కట్టే తీరు రోజూ చూస్తున్నాము.

ఒక్క తరంలో, తక్కువ వ్యవధిలో, రెండు రకాల తిండి లేదా రెండు జాతుల మధ్య పరుగును పోల్చేవారికి ఈ చక్రాన్ని సంకోచం లేకుండా సూచిస్తాను. తల్లి పరుగు పిల్లల పరుగును మార్చుతుందా అన్న ప్రశ్నకు మాత్రం పెట్టెలోంచి తీసి అలాగే వాడదగిన పరికరం కాదు: లోహపు మర, అదనపు బేరింగ్‌లు, బిగించిన చక్రాలకు కూడా సెన్సర్లు, ఊపుల పరీక్షకు నెలకు ఒక పూట, ఇవన్నీ ఖర్చులో కలుపుకోవాలి. మా దగ్గర అయిదు చక్రాల బేరింగ్‌లు మార్చాము, వాటిలో నాలుగు మళ్లీ 20 ఊపులు దాటాయి. దాటని ఆ ఒక్కదాన్ని వంతుల నుంచి తీసేసి, మిగిలిన 15తో వచ్చే వారం రెండో విడత పిల్లల పరీక్ష మొదలుపెడుతున్నాము.